ఆరింటి నుంచి ఏడింటి దాకా: సీబీబీస్ ఛానల్ కథ

(మాంచెస్టర్‌లో కొన్ని తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది, మాటలు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. భోజనాలు ఒంటిగంటకి అన్నారు కాబట్టి ఆలోపే ముగిస్తాను. పిల్లలు పక్క హాల్లో ఆడుకుంటున్నారు, ఎవరి పిల్లలైనా ఏడిస్తే మధ్యలో లేచి వెళ్లండి, నేనేమీ అనుకోను, చాలా ఏళ్లు నర్సరీలో పనిచేసినదాన్ని, నాకు అలవాటే.

ఇవాళ సీబీబీస్ గురించి మాట్లాడతాను. ఇక్కడ చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పేరు తెలియనివాళ్లు ఉండరు. ఇండియా నుంచి ఈమధ్యే వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యల కోసం ఒక్క ముక్క చెప్తాను. అది బీబీసీ వాళ్లు ఆరేళ్లలోపు పిల్లల కోసమే నడిపే ఛానల్. ప్రకటనలు ఉండవు. పొద్దున్నే మొదలవుతుంది, సాయంత్రం ఏడింటికి పిల్లలకి గుడ్‌నైట్ చెప్పి మూసేస్తారు. ఎంత ఏడ్చినా, రిమోట్ ఎన్నిసార్లు నొక్కినా ఆ ఛానల్లో ఇంక పిల్లల బొమ్మలు రావు. మిగతా విషయాలు ఎవరైనా చెప్తారు గానీ, నాకు ఆ మూసేయడం మీదే ఆసక్తి ఎక్కువ. ఎందుకంటే ఈ దేశంలో చిన్నపిల్లల టీవీ చరిత్ర మొత్తం తవ్వితే అడుగున ఒకే తగాదా కనిపిస్తుంది: పిల్లల ముందు టీవీ ఎప్పుడు ఆగాలి, ఆపాల్సింది ఎవరు?

మీలో ఎంతమందికి తెలుసో గానీ, 1957 దాకా ఇక్కడ సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు టీవీయే వచ్చేది కాదు. నిజంగానే. పిల్లల కార్యక్రమాలు ఆరింటికి అయిపోయేవి, పెద్దవాళ్లవి ఏడింటికి మొదలయ్యేవి, మధ్యలో గంటసేపు ఏమీ ఉండదు. ఆ గంటలో చిన్నవాళ్లని పడుకోబెట్టాలి, కాస్త పెద్దవాళ్లు హోంవర్క్ చేసుకోవాలి, అదీ ఉద్దేశం. దీన్ని టాడ్లర్స్ ట్రూస్ అనేవాళ్లు, బుడతలతో సంధి అనుకోండి. బీబీసీ ఒక్కటే ఉన్నంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు, పైగా గంటసేపు కార్యక్రమం తీసే ఖర్చు మిగిలింది. 1955లో ఐటీవీ వచ్చింది, వాళ్ల బతుకు ప్రకటనల మీద, సాయంత్రం మంచి గంట ఖాళీగా పోతే డబ్బు పోయినట్టే. దాంతో గొడవ మొదలైంది.

అప్పట్లో ప్రసారాల బాధ్యత పోస్టుమాస్టర్ జనరల్ అనే మంత్రిది. ఆయన పేరు చార్లెస్ హిల్. స్వయంగా డాక్టరు, యుద్ధం రోజుల్లో రేడియోలో ఆరోగ్య సలహాలు చెప్పి రేడియో డాక్టర్‌గా పేరు తెచ్చుకున్నాయన. అలాంటి మనిషి ఈ సంధిని సమర్థిస్తాడని ఎవరైనా అనుకుంటారు కదా, ఆయన మాత్రం పిల్లల్ని వేళకి పడుకోబెట్టడం తల్లిదండ్రుల పని, సర్కారు పని కాదు అన్నాడు. 1957 ఫిబ్రవరి 16న, ఒక శనివారం, ఆ గంట తెరుచుకుంది. బీబీసీ ఆ టైములో కుర్రకారు కోసం పాటల కార్యక్రమం పెట్టింది. పిల్లల నిద్ర సంగతి ఇళ్లలో వాళ్లు చూసుకున్నారు.

ఈ ఆరు నుంచి ఏడు అనే గంటని గుర్తుపెట్టుకోండి, దీనితో నాకు మళ్లీ పని ఉంది.

టీవీకి ముందు రేడియో. మన పెద్దవాళ్లకి రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య గుర్తుంటారు, న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు. బాలానందం కోసం ఆదివారాలు రేడియో ముందు కూర్చున్న తరం ఇక్కడే రెండు వరసల్లో కనిపిస్తోంది నాకు. [నవ్వులు] అయితే మన బాలానందం పాటలు పాడగలిగే, పద్యాలు చెప్పగలిగే పిల్లలది. ఇక్కడ 1950 జనవరిలో బీబీసీ ఇంకా చిన్నవాళ్ల కోసం, అంటే బడికి ఇంకా వెళ్లనివాళ్ల కోసం, లిజన్ విత్ మదర్ అని మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పావుగంట, ఒక కథ, నాలుగు పాటలు. కథ చెప్పే ముందు 'హాయిగా కూర్చున్నారా? అయితే మొదలుపెడతాను' అని అడిగేవాళ్లు. ఆ వాక్యం ఈ దేశంలో ఇప్పటికీ సామెతలా వాడతారు, ఆఫీసు మీటింగుల్లో కూడా విన్నాను.

అదే ఏడాది టీవీలో ఆండీ పాండీ వచ్చాడు, తీగల మీద ఆడించే తోలుబొమ్మ లాంటివాడు, చారల బట్టలు వేసుకుని. 1953కి వీటన్నిటినీ కలిపి వాచ్ విత్ మదర్ అని పేరు పెట్టారు. పిల్లాడు ఒక్కడే టీవీ ముందు కూర్చోడు, పక్కన అమ్మ ఉంటుంది అని పేరులోనే చెప్పేశారు. నాన్న ఎక్కడ అని అడక్కండి, అది 1953. ఆండీ పాండీ చివర్లో ఆ బొమ్మలు బుట్టలోకి ఎక్కి చేతులూపుతూ, ఇంటికెళ్లే వేళయిందన్న పాటతో వెళ్లిపోతారు. అంటే కార్యక్రమం అయిపోయింది అని రెండేళ్ల పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పడం అప్పుడే మొదలైంది. పెద్దవాళ్ల కార్యక్రమాల్లో చివర పేర్లు పడితే మనకి తెలుస్తుంది. చదవడం రానివాడికి ఎలా తెలుస్తుంది? బుట్ట కావాలి, చెయ్యి ఊపాలి, రోజూ అదే పాట రావాలి.

1964కి వద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన ఘట్టం. బీబీసీ రెండో ఛానల్ ఏప్రిల్ 20 రాత్రి అట్టహాసంగా మొదలవ్వాలి. ఆ సాయంత్రం బాటర్సీ పవర్ స్టేషన్‌లో మంటలు, పశ్చిమ లండన్ చాలావరకు చీకటి, ప్రారంభోత్సవం పోయింది. మర్నాడు పొద్దున పదకొండింటికి షెడ్యూలులో ఏముందో అదే ఆ ఛానల్ మొదటి అసలు కార్యక్రమం అయి కూర్చుంది. అది ప్లే స్కూల్, చిన్నపిల్లల కార్యక్రమం. పెద్దపెద్ద ఆర్భాటాలన్నీ కరెంటు పోయి ఆగిపోతే మూడేళ్లవాళ్ల బొమ్మలు, ఆటలతో ఒక జాతీయ ఛానల్ మొదలైంది.

ప్లే స్కూల్ రూపొందించింది జాయ్ విట్బీ. ప్రెజెంటర్ ఉద్యోగానికి వచ్చిన నటులకి ఆవిడ పెట్టిన పరీక్ష గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్రయన్ కాంట్ అనే ఆయన వచ్చాడు. ఆవిడ ఒక అట్టపెట్టె చూపించి, అందులో కూర్చుని సముద్రంలోకి తెడ్డేసుకుంటూ వెళ్లు అంది. ఆయన సిగ్గుపడలేదు, కూర్చుని పడవ నడిపేశాడు, ఉద్యోగం వచ్చింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ కార్యక్రమంలో ఉన్నాడు. నేను నర్సరీలో కొత్తగా చేరే అమ్మాయిలకి ఈ కథ చెప్పేదాన్ని. పిల్లలతో పనిచేయడానికి సర్టిఫికెట్లు కావాలి, కాదనను, కానీ అట్టపెట్టెలో కూర్చోవడానికి సిగ్గుపడేవాళ్లు మా దగ్గర ఎక్కువ కాలం నిలబడలేదు.

ప్లే స్కూల్లో కిటికీలు ఉండేవి, గుండ్రంది, చతురస్రం, పైన వంపున్నది. ఇవాళ ఏ కిటికీలోంచి వెళ్దాం అని అడిగి, కెమెరా ఆ కిటికీలోంచి బయటి లోకంలోకి వెళ్లేది, బిస్కెట్ల ఫ్యాక్టరీయో, పొలమో. 1976లో ఫ్లోయెల్లా బెంజమిన్ ప్రెజెంటర్‌గా వచ్చారు, ట్రినిడాడ్‌లో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చినావిడ. కథలకి వేసే బొమ్మల్లో ఉన్న పిల్లలందరూ తెల్లపిల్లలే ఎందుకు అని అడిగింది నేనేనని ఆవిడ చెప్పుకున్నారు. ఇప్పుడావిడ హౌస్ ఆఫ్ లార్డ్స్ సభ్యురాలు. ఇక్కడ పెరిగిన యాభై దాటిన ఎవరిని అడిగినా ఆవిడ పేరు చెప్తే ముఖం వెలుగుతుంది, నల్లవాళ్లా తెల్లవాళ్లా మనవాళ్లా అని తేడా లేదు.

ఇంకో తగాదా కూడా చెప్పాలి. 1969లో అమెరికాలో సెసమీ స్ట్రీట్ వచ్చింది. జోన్ గాంజ్ కూనీ బృందం చేసిన పని మామూలుది కాదు, పేద ఇళ్ల పిల్లలు బడిలో చేరేనాటికి వెనకబడి ఉండకూడదు అని, ప్రకటనలు పిల్లల నోళ్లలో ఎలా నానుతున్నాయో గమనించి అదే పద్ధతిలో అక్షరాలు, అంకెలు నేర్పించారు. లోకమంతా కొనుక్కుంది. బీబీసీ మాత్రం వద్దంది. పిల్లల విభాగం అధిపతి మోనికా సిమ్స్ అభ్యంతరం ఏంటంటే, అది పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టి సరైన జవాబు రాబట్టే తరహాలో ఉంది, పెత్తనంగా ఉంది అని. చివరికి ఇక్కడ ఐటీవీలో వచ్చింది.

మన ఇళ్లలో ఓటింగ్ పెడితే సెసమీ స్ట్రీట్ గెలుస్తుందని నాకు తెలుసు. [నవ్వులు] పిల్లాడు గంటసేపు టీవీ చూస్తే, అయ్యాక ఏం నేర్చుకున్నావురా అని మనం అడుగుతాం. అట్టపెట్టెలో పడవ నడపడం నేర్చుకున్నాను అంటే మనకి నచ్చదు. నా ఉద్దేశంలో సిమ్స్ గారిది సగం ఒప్పు. ఆడుకోవడమే ఆ వయసులో చదువు అన్నంతవరకు ఒప్పు. కానీ ఆటకి కావలసిన చోటూ, పుస్తకాలూ, తీరిక ఉన్న పెద్దవాళ్లూ ఉన్న ఇళ్లని చూసి ఆవిడ మాట్లాడారేమో అనిపిస్తుంది. అవేవీ లేని ఇంట్లో అక్షరాలు నేర్పే టీవీ చాలా పెద్ద సాయం.

1997 మార్చి 31. టెలిటబ్బీస్, పొట్ట మీద టీవీ తెర ఉన్న నాలుగు పెద్ద బొమ్మల కార్యక్రమం. ఎంత తిట్టారో! ఆన్ వుడ్, ఆండ్రూ డావెన్‌పోర్ట్ కలిసి తీశారు. డావెన్‌పోర్ట్ చదువుకున్నదే పిల్లలకి మాటలు ఎలా వస్తాయి అన్న శాస్త్రం. అయినా పేపర్లన్నీ, ఇది పిల్లల భాష చెడగొడుతుంది, బీబీసీ స్థాయి దిగజారింది అని రాశాయి. పొట్టలోని తెర మీద ఒక చిన్న సినిమా వస్తుంది, అయిపోగానే మళ్లీ మళ్లీ అని అరుస్తారు, మొత్తం అదే సినిమా రెండోసారి వేస్తారు. పెద్దవాళ్లకి పిచ్చెక్కేది అక్కడే. ఏడాదిన్నర పిల్లలతో ఒక పూట గడిపినవాళ్లకి అందులో వింతేమీ లేదు. మొదటిసారి చూసినప్పుడు ఏం జరుగుతుందో చూస్తారు, రెండోసారి, ఇప్పుడు అది జరుగుతుంది అని ముందే తెలిసి ఎదురుచూస్తారు, ఆ తెలిసిన ఆనందం వేరు. మనం మాయాబజార్ ఎన్నిసార్లు చూశాం?

అందులో తిరిగే కుందేళ్లు మామూలువి కావు, ఫ్లెమిష్ జెయింట్ అనే భారీ జాతి, ఎందుకంటే ఆ బొమ్మల దుస్తులు అంత పెద్దవి, మామూలు కుందేలు పక్కన పెడితే టెలిటబ్బీలు రాక్షసుల్లా కనిపిస్తాయి. షూటింగ్ జరిగిన వార్విక్‌షైర్ పొలానికి జనం ఎగబడి, షూటింగ్ అయిపోయాక కూడా కంచెలు దాటి రావడంతో, చివరికి ఆ పొలం యజమాని విసిగిపోయి ఆ చోటంతా చెరువు చేసేశారు. 365 భాగాలు తీశారు, రోజుకొకటి చొప్పున ఏడాదికి సరిపడా.

సరే, ఛానల్ ఎందుకు వచ్చింది? అప్పటిదాకా చిన్నపిల్లల కార్యక్రమాలు బీబీసీ వన్, టూల మధ్య మధ్యలో పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు వచ్చేవి. టెన్నిస్ మ్యాచ్ ఉంటే లేచిపోయేవి. ఈలోగా 1993లో కార్టూన్ నెట్‌వర్క్, నికలోడియన్ ఇక్కడికి వచ్చాయి, 1995లో డిస్నీ, 1999లో చిన్నవాళ్ల కోసమే నిక్ జూనియర్. ఉపగ్రహ టీవీ డబ్బు కట్టినవాళ్లకి రోజంతా పిల్లల ఛానళ్లు, కట్టలేనివాళ్లకి మధ్యాహ్నం కాసేపు బీబీసీ. డిజిటల్ ప్రసారాలు రావడంతో బీబీసీ కొత్త ఛానళ్లకి అనుమతి అడిగింది, ప్రభుత్వం 2001లో ఒప్పుకుంది. 2002 ఫిబ్రవరి 11న రెండు ఛానళ్లు ఒకేరోజు మొదలయ్యాయి, ఆరేళ్లు దాటినవాళ్లకి సీబీబీసీ, లోపువాళ్లకి సీబీబీస్. ఆ అక్టోబరులో ఫ్రీవ్యూ వచ్చింది, ఒక డబ్బా కొనుక్కుంటే నెలవారీ డబ్బు లేకుండా ఇవన్నీ వస్తాయి. సీబీబీస్ ఇంటింటికీ చేరడానికి అసలు కారణం ఆ డబ్బానే.

ఇప్పుడు ఆ ఏడింటికి మూసేయడం గురించి. చాలామంది దాన్ని పిల్లల మీద ప్రేమతో తీసుకున్న గొప్ప నిర్ణయం అంటారు. అంత లేదండీ. ఆ ప్రసారానికి ఇచ్చిన చోటు ఒక్కటే, దాన్ని ఇద్దరు పంచుకోవాలి. పగలు సీబీబీస్, రాత్రి అదే చోటులో బీబీసీ ఫోర్, 2002 మార్చిలో మొదలైంది, పెద్దల కోసం సంగీతం, చరిత్ర, తత్వచర్చలు. పగలు టెలిటబ్బీలు, రాత్రి తత్వవేత్తలు. ఒకే గదిలో షిఫ్టుల్లో పడుకునే బ్యాచిలర్లలాగా, ఒకళ్లు లేస్తే ఇంకొకళ్లు. కాబట్టి మూయక తప్పదు. కానీ తప్పనిసరి అయిన దాన్ని వాళ్లు ఎలా వాడుకున్నారన్నదే గొప్ప.

ఆరు నుంచి ఏడు దాకా బెడ్‌టైమ్ అవర్ అని పెట్టారు. చూశారా, అదే గంట! 1957 దాకా పిల్లలు పడుకోవాలని టీవీ నోరు మూసుకున్న గంట, యాభై ఏళ్లు తిరక్కుండానే టీవీయే పిల్లల్ని పడుకోబెట్టే గంట అయింది. తల్లిదండ్రుల పనిలో సర్కారు వేలు పెట్టకూడదన్న డాక్టర్ హిల్ గారు చూస్తే ఏమనేవారో. ఆ గంటలో రంగులు మెత్తబడతాయి, మాటలు నెమ్మదిస్తాయి, చివర్లో ఒక కథ చదువుతారు, గుడ్‌నైట్ పాట. అంతే.

ఆ గంట కోసమే తీసిందా అన్నట్టు ఉంటుంది 2007లో వచ్చిన ఇన్ ద నైట్ గార్డెన్. మళ్లీ డావెన్‌పోర్టే. ఇగుల్ పిగుల్ అనే నీలం బొమ్మ పడవలో రావడం, చుక్కలు పూలుగా మారి తోట కావడం, చివర్లో ఒక్కొక్కళ్లూ నిద్రపోవడం. కథ చెప్పే గొంతు డెరెక్ జాకబీది, షేక్‌స్పియర్ నాటకాల్లో పేరున్న నటుడు. ఒక నటుడికి అంత పేరు వచ్చాక మక్కా పక్కా అని రాళ్లు కడుక్కునే బొమ్మ గురించి అంత శ్రద్ధగా చెప్పడం నాకు ముచ్చటేస్తుంది. బెడ్‌టైమ్ కథలకి కూడా పెద్ద పెద్దవాళ్లు వస్తారు. 2016లో వ్యోమగామి టిమ్ పీక్ అంతరిక్ష కేంద్రం నుంచే చదివాడు, అదే ఏడాది డిసెంబరు 31న సినిమా నటుడు టామ్ హార్డీ తన కుక్కని పక్కన కూర్చోబెట్టుకుని చదివాడు, ఆ రోజు పిల్లల కన్నా అమ్మలు ఎక్కువ చూశారని మీకూ తెలుసు. [నవ్వులు]

కొంచెం వెనక్కి వెళ్దాం. ఛానల్ మొదట్లో కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య మనుషులు కనిపించేవాళ్లు, ఇప్పటికీ కనిపిస్తారు. మొదటి బ్యాచ్‌లో ఉన్న పుయ్ ఫాన్ లీ అంతకుముందు టెలిటబ్బీస్‌లో పో అనే బొమ్మ వేషం వేసినావిడే. చిన్నపిల్లలకి తర్వాత ఏం వస్తుందో తెలియకపోతే కంగారు, ఒక తెలిసిన ముఖం వచ్చి ఇప్పుడు ఇది అయింది, తర్వాత అది, అని చెప్తే వాళ్లకి స్థిమితం. నర్సరీలో కూడా మేం చేసేది అదే, ఇప్పుడు చేతులు కడుక్కుంటాం, తర్వాత పళ్లు తింటాం, అని రోజంతా చెప్తూనే ఉంటాం, పిల్లల్లో సగం ఏడుపు అక్కడే తగ్గిపోతుంది.

2009లో ఆ ముఖాల్లో ఒకటిగా సెరీ బర్నెల్ వచ్చారు. ఆవిడకి పుట్టుకతోనే కుడి ముంజేయి లేదు. పొట్టి చేతుల చొక్కాలోనే వచ్చేవారు, దాచుకోలేదు. పిల్లలు మొదట చూసి, చెయ్యేది అని అడిగి, వదిలేశారు. పెద్దవాళ్లే ఫిర్యాదులు చేశారు, మా పాపకి పీడకలలు వస్తాయి, ఛానల్ మార్చేస్తున్నాం అని. దేశమంతా చర్చ అయింది. బీబీసీ ఆవిడని తీయలేదు, 2017 దాకా ఉన్నారు. మన ఇళ్లలో ఇలాంటి సందర్భంలో పిల్లాడు గట్టిగా అడిగితే నోరు మూసి పక్కకి లాక్కెళ్తాం. ఆ లాక్కెళ్లడం నుంచే వాడు అదేదో భయపడాల్సిన విషయం అని నేర్చుకుంటాడు, చెయ్యి లేకపోవడం నుంచి కాదు.

దానికి ముందు, 2003లో సమ్‌థింగ్ స్పెషల్ వచ్చింది. అందులో మిస్టర్ టంబుల్ అనే జోకర్ వేషం వేసేది జస్టిన్ ఫ్లెచర్. మాటలు ఆలస్యమైన పిల్లలు, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల కోసం మాకటాన్ సైగలతో తీశారు. మాకటాన్ అంటే మొత్తం వాక్యాన్ని సైగల్లోకి మార్చడం కాదు, మాట్లాడుతూనే ముఖ్యమైన మాటకి మాత్రం సైగ చేస్తారు, పాలు, ఇంకా, అయిపోయింది, అలా. ఈ దేశంలోనే 1970ల్లో తయారైంది. విచిత్రం ఏంటంటే ప్రత్యేకంగా ఆ పిల్లల కోసం తీసింది అందరు పిల్లలూ చూశారు.

మన తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇక్కడే వస్తుంది. సైగలు నేర్పితే మాటలు రావేమోనండీ? వస్తాయండీ. సైగతో పాటు నోటి మాట ఎప్పుడూ ఉంటుంది, మాట రావడం మొదలయ్యాక సైగని వాళ్లే వదిలేస్తారు. అయిపోయింది అని చేతులతో చెప్పగలిగిన పిల్లాడు గిన్నె విసిరేయడు. ఇంట్లో తెలుగు, నర్సరీలో ఇంగ్లీషు అయ్యేసరికి మాటలు కాస్త ఆలస్యమై బెంగపడే తల్లులుంటారు మనలో. మా నర్సరీలో అలాంటి పిల్లలకి ఆ సైగ రెండు భాషల మధ్య వంతెన అయింది. అమ్మ ఇంట్లో పాలు అంటూ అదే సైగ చేస్తే, మేం ఇక్కడ మిల్క్ అంటూ అదే సైగ చేస్తాం. మరీ ఎక్కువ ఆలస్యం ఉంటే మాత్రం చిన్నపిల్లల ఎదుగుదల చూసే నర్సు, హెల్త్ విజిటర్‌ని అడగండి, టంబుల్ చూపించి కూర్చోకండి.

మిగతావి తొందరగా చెప్తాను. 2002లోనే బాలమోరీ వచ్చింది, స్కాట్లాండ్‌లో మల్ దీవి మీద టోబర్మరీ అనే ఊళ్లో రంగు రంగు ఇళ్ల మధ్య తీశారు, దాంతో పుష్‌చెయిర్‌లు తోసుకుంటూ కుటుంబాలు పడవలెక్కి ఆ ఊరికి పోటెత్తాయి. 2011లో బీబీసీ పిల్లల విభాగం లండన్ వదిలి మన పక్కనే సాల్ఫర్డ్‌కి వచ్చింది, మీడియాసిటీలో ట్రామ్ దిగితే ఎదురుగా కనిపిస్తుంది. పాత అనలాగ్ ప్రసారాలు 2012లో ఆగిపోయాక, ఆ డిసెంబరులో బీబీసీ వన్ నుంచి, మరుసటి జనవరిలో బీబీసీ టూ నుంచి పిల్లల కార్యక్రమాలు పూర్తిగా తీసేశారు. ఇంక సొంత ఛానళ్లలోనే.

డబ్బు సంగతి మాత్రం తొందరగా దాటేయలేను. ప్రకటనల్లేవు అంటే ఉచితం అని కాదు, టీవీ చూడటానికి ఇంటింటా మనం కట్టే లైసెన్స్ ఫీజు ఉంది, 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. ఐటీవీ దారి చూడండి. పిల్లల కార్యక్రమాల మధ్య జంక్ ఫుడ్ ప్రకటనలు వేయకూడదని, ఇక్కడ ప్రసారాలని అదుపు చేసే సంస్థ ఆఫ్‌కామ్ 2006లో ప్రకటించి తర్వాతి ఏడాది నుంచి అమలు చేసింది. మంచి పనే, తల్లిగా నేను చప్పట్లు కొట్టాను. కానీ ఆ ఆదాయం పోయేసరికి ఐటీవీ పిల్లల కార్యక్రమాలు తీయడం బాగా తగ్గించేసింది, వాళ్ల సీఐటీవీ ఛానల్ 2023 సెప్టెంబరు 1న మూతపడింది. పిల్లల ఆరోగ్యం కోసం చేసిన ఒక మంచి పని వల్ల పిల్లల టీవీలో బీబీసీకి పోటీ దాదాపు లేకుండా పోయింది, పోటీ లేకపోవడం ఎవరికీ మంచిది కాదు. ఇంకోటి, ఛానల్లో ప్రకటనలు లేకపోయినా టాయ్ షాపుకి వెళ్తే మనకి తెలిసిపోతుంది. బొమ్మలు, పత్రికలు, దుప్పట్లు, 2014 నుంచి ఆల్టన్ టవర్స్ అనే థీమ్ పార్కులో సీబీబీస్ లాండ్. వాళ్ల బొమ్మే ప్రకటన. దీని మీద బీబీసీని ఎవరూ గట్టిగా అడగరు, నేను అడుగుతాను.

ఇంక ఇప్పుడు. 2017లో నంబర్‌బ్లాక్స్ వచ్చింది, అంతకుముందు అక్షరాల కోసం ఆల్ఫాబ్లాక్స్. ఈ హాల్లో ఎవరింట్లో చూడలేదో చెయ్యెత్తండి. ఒక్కరూ లేరు. సంఖ్యకి శరీరం ఇచ్చారు, నాలుగు అంటే నాలుగు గడులున్నవాడు, రెండు రెళ్లుగా విడిపోతాడు, చదరంగా నిలబడతాడు. ఎక్కాలు బట్టీ పట్టిన మనకి కూడా తొమ్మిది ఎందుకు చదరమో అక్కడ కంటికి కనిపిస్తుంది. సిమ్స్ గారు వద్దన్న అక్షరాలు, అంకెలు నేర్పడం మళ్లీ తలుపు తట్టి వచ్చింది, ఈసారి ఆటలో కలిసిపోయి.

కానీ మన పిల్లలు దాన్ని ఎక్కడ చూస్తున్నారు? యూట్యూబ్‌లో. అక్కడ ఏడు గంటలు కొట్టదు. గుడ్‌నైట్ పాట లేదు. ఒకటి అయ్యేలోపే రెండోది మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో చూసే బీబీసీ సొంత ఐప్లేయర్‌లోనూ ఒకటి అవగానే ఇంకోటి వస్తుంది, ఆపుకునే సెట్టింగ్ ఉంది, ఇంటికెళ్లగానే ముందు అది ఆపండి. 2022 మేలో బీబీసీ ఒక ప్రకటన చేసింది, ముందుముందు సీబీబీసీ, బీబీసీ ఫోర్ ఛానళ్లు మూసి ఆన్‌లైన్‌కే పరిమితం చేస్తామని. ఆ జాబితాలో సీబీబీస్ లేదు. ఎందుకు లేదంటారా, నా అంచనా చెప్తాను, రెండేళ్ల పిల్లాడు ఇవాళ ఏం చూడాలో వెతుక్కోలేడు, వాడికి ఎవరో ఒకరు వరస పేర్చి పెట్టాలి. ఛానల్ అంటే అదే కదా, పేర్చిన వరస. సరే, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఇండియాలో సీబీబీస్ వచ్చేదా అక్కా? మా అక్కావాళ్ల అబ్బాయి చూసేవాడని గుర్తు.

వచ్చేదమ్మా. 2007లో మొదలై 2012 నవంబరు చివర్లో ఆగిపోయింది. ఆ ఏడాదే అక్కడ డిస్నీ జూనియర్, నిక్ జూనియర్ ఛానళ్లు మొదలయ్యాయి. అక్కడ అది లైసెన్స్ ఫీజు మీద నడిచే ఛానల్ కాదు, మార్కెట్లో అందరితో పోటీపడాల్సిన మామూలు ఛానల్. ఇక్కడ దానికున్న దన్ను అక్కడ లేదు.

ప్రశ్న: రోజుకి ఎంతసేపు చూపించవచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది చెప్తాను: ఏడాదిలోపు పిల్లలకి అసలు వద్దు, ఏడాది పిల్లలకి కూడా వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి గంటకి మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. ఇది విని ఎవరూ టెన్షన్ పడకండి, జ్వరం వచ్చిన రోజు, మీకు ఆఫీసు కాల్ ఉన్న రోజు లెక్క తప్పుతుంది. ఫోను కన్నా టీవీ నయం అంటాను నేను, అందరికీ కనిపిస్తుంది, పక్కన కూర్చుని మాట్లాడొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: మనవరాలికి తెలుగులో ఇలాంటిది చూపిద్దామంటే ఏదీ లేదే, ఎందుకమ్మా?

మంచి ప్రశ్న అడిగారు పెద్దమ్మా. తెలుగులో పిల్లల టీవీ లేదని కాదు, 2009లో సన్ నెట్‌వర్క్ ఖుషీ టీవీ పెట్టింది, 2021లో ఈటీవీ బాల భారత్ వచ్చింది. కానీ అవి చిన్నవాళ్లనీ, పెద్ద పిల్లలనీ అందరినీ కలిపి చూస్తాయి. ప్రకటనల మీద నడిచే ఛానల్‌కి అది తప్పదు, వయసుని బట్టి ముక్కలు చేస్తే చూసేవాళ్ల సంఖ్య పడిపోతుంది. మూడేళ్ల పిల్లల మీద మాత్రమే డబ్బు పెట్టగలిగేది ప్రజల డబ్బుతో నడిచే సంస్థే, అంటే మనకి దూరదర్శన్. ఛానలే అక్కర్లేదు పెద్దమ్మా, సప్తగిరిలో, యాదగిరిలో రోజుకి పావుగంట చాలు. ఖర్చు ఎక్కువంటారు. ఆండీ పాండీకి మొదట తీసినవి 26 భాగాలు, వాటినే తిప్పి తిప్పి 1960ల చివరిదాకా వేశారు. చూసే పిల్లలు రెండు మూడేళ్లకి పెద్దవాళ్లయి వెళ్లిపోతారు, కొత్తగా వచ్చిన మూడేళ్లవాడికి అన్నీ కొత్తవే. పెద్దవాళ్ల సీరియల్‌కి రోజూ కొత్త భాగం కావాలి, వీళ్లకి అక్కర్లేదు. ఒక్కసారి బాగా తీస్తే ఇరవయ్యేళ్లు వస్తుంది.